కరోలీన్ ఇంగల్స్: పట్టాలో పేరు లేని రైతు

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మైకు వినపడుతోందా? సరే.

ఇవాళ ఒక అమెరికా రైతు గురించి మాట్లాడతాను. పేరు కరోలీన్ ఇంగల్స్. మీలో కొందరికి ఆవిడ రెండో కూతురు లారా ఇంగల్స్ వైల్డర్ తెలిసే ఉంటుంది, తన చిన్నతనమంతా పిల్లల నవలలుగా రాసింది, టీవీ సీరియల్ కూడా వచ్చింది. ఆ నవలల్లో నాన్న హీరో. ఫిడేలు వాయిస్తాడు, తుపాకీ శుభ్రం చేసుకుంటాడు, ఎప్పుడూ పడమటి దిక్కే చూస్తుంటాడు. అమ్మేమో పొయ్యి దగ్గరే ఉంటుంది, చెయ్యాల్సిన పని చేసుకుపోతుంది, పెద్దగా మాట్లాడదు.

నేను వ్యవసాయ శాఖలో చేసి రిటైరైనదాన్ని. నాకు కథ చదువుతున్నా లెక్కలే కనిపిస్తాయి. ఏ ఏడు పంట వచ్చింది, ఏ ఏడు పోయింది, డబ్బు ఎక్కణ్నుంచి వచ్చింది, ఆ చలికాలం ఏం తిన్నారు, ఇవే. అలా చూసుకుంటూ పోతే నాకు తేలిందేమిటంటే, ఆ కుటుంబానికి సొంత పొలం పంట కడుపు నింపిన ఏళ్లు చాలా తక్కువ. వాళ్లను బతికించినవి రెండు: భర్త చార్లెస్ బయట తెచ్చిన కూలి డబ్బు, ఇంట్లో కరోలీన్ చేసిన పని. ఈ రెండోదాన్ని ఎవరూ వ్యవసాయం అని లెక్కపెట్టలేదు. 1870 జనాభా లెక్కల్లో సొంత ఇంటి పని చేసుకునే ఆడవాళ్లకు వృత్తి అన్నచోట "ఇల్లు చూసుకుంటుంది" అని రాయమని ఎన్యూమరేటర్లకు లిఖితంగా ఆదేశమే ఉంది. ఇక్కడ కూర్చున్న చాలామందికి ఇది కొత్త విషయమేమీ కాదు, నాకు తెలుసు.

మొదట్నుంచీ చెబుతాను.

కరోలీన్ 1839 డిసెంబరు 12న విస్కాన్సిన్‌లో, మిల్వాకీ దగ్గర పుట్టింది. ఇంటిపేరు క్వైనర్. తండ్రి వ్యాపారి. 1845లో మిషిగన్ సరస్సులో ఆయన ఎక్కిన ఓడ మునిగిపోయింది. సరస్సు అంటే మన చెరువు లాంటిది అనుకోకండి, అది సముద్రమే, తుఫాన్లు వస్తాయి. అప్పటికి కరోలీన్‌కు ఇంకా ఆరేళ్లు నిండలేదు. తల్లి షార్లట్ పెళ్లికి ముందు బోస్టన్ వైపు బట్టలు కుట్టి సంపాదించిన మనిషి. పిల్లల్ని వెంటబెట్టుకుని ఆ అడవి ప్రాంతంలో నాలుగేళ్లు ఎలాగో నెట్టుకొచ్చింది. 1849లో హోల్‌బ్రుక్ అనే రైతును పెళ్లి చేసుకుంది. అంటే కరోలీన్‌కు కొరత అంటే ఏమిటో, ఉన్న పిండిని ఎన్ని రోజులు సాగదీయాలో, భర్తను చూసి నేర్చుకున్నది కాదు. పుట్టింట్లో నేర్చుకున్నదే.

పదహారు పదిహేడేళ్లకే ఊరి బడిలో టీచరమ్మ అయింది. 1860 ఫిబ్రవరి 1న చార్లెస్ ఇంగల్స్‌తో పెళ్లి. ఇక్కడ మనవాళ్లకు నచ్చే సంగతి ఒకటుంది. కరోలీన్ అన్న హెన్రీ అప్పటికే చార్లెస్ చెల్లెలు పాలీని చేసుకున్నాడు. మరుసటి ఏడు కరోలీన్ చెల్లెలు ఎలైజా, చార్లెస్ అన్న పీటర్‌ను చేసుకుంది. అచ్చంగా కుండమార్పిడి, అదీ ఒకటిన్నర సార్లు! (నవ్వులు) నవ్వకండి, దీనికి లెక్క ఉంది. బ్యాంకులు లేవు, కూలీలు దొరకరు, అడవి కొట్టాలంటే నలుగురు మగవాళ్లు కావాలి, కాన్పుకు నలుగురు ఆడవాళ్లు కావాలి. వియ్యంకులే కూలీలు, వియ్యంకులే బ్యాంకు.

పెపిన్ అనే ఊరి దగ్గర అడవిలో దుంగలతో కట్టిన ఇల్లు. అక్కడ 1865లో మేరీ, 1867లో లారా పుట్టారు. ఆ ఇంట్లో కరోలీన్ ఏం చేసేదో కూతురు వివరంగా రాసింది కాబట్టి మనకు తెలుసు. పంది కోసిన రోజున మాంసం ఉప్పులో వేయడం, పొగ పట్టించడం, కొవ్వు కరిగించి డబ్బాల్లో పోయడం, మిగిలిన తుక్కుతో కూడా ఏదో ఒకటి చేయడం. దూడ పొట్టలోంచి తీసిన పొరతో పాలు విరిచి చీజ్ చేయడం. సబ్బు కూడా ఇంట్లోనే, బూడిద నీళ్లు, కొవ్వు కలిపి. గడ్డి పోచలు అల్లి టోపీలు. వెన్న చిలకడానికి ఒక రోజు, ఉతకడానికి ఒక రోజు, రొట్టెలు కాల్చడానికి ఒక రోజు, వారమంతా అలా కట్టేసి ఉండేది. చలికాలంలో ఆవు పాల వెన్న తెల్లగా పాలిపోయి ఉంటుంది కదా, ఆవిడ క్యారెట్ తురిమి పాలలో కాచి వడకట్టి మీగడలో కలిపేది, వెన్న పచ్చగా రావడానికి. ఇంట్లో తినేదానికి ఇంత ముచ్చట ఎందుకు అని మొదట అనిపించింది నాకు. కానీ ఆవిడ తీరే అది. ఎక్కడున్నా, ఎంత లేకపోయినా, బల్ల మీద గుడ్డ పరవాల్సిందే, పిల్లలకు వ్యాకరణం తప్పకుండా మాట్లాడటం రావాల్సిందే.

దుప్పటి నడుమ చిరిగితే రెండుగా కోసి, అంచులు మధ్యకు వచ్చేలా తిప్పి కుట్టేది. మా అమ్మ చీరలకు చేసేది ఇదే పని.

ఇక భూమి సంగతి. 1862 మే నెలలో లింకన్ ఒక చట్టం మీద సంతకం పెట్టాడు. 160 ఎకరాలు, అంటే ఎకరాకు వంద సెంట్ల చొప్పున మన లెక్కలో పదహారు వేల సెంట్లు, ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. అన్నీ కలిపి 18 డాలర్ల ఫీజు. ఐదేళ్లు అక్కడే కాపురం ఉండి, ఇల్లు కట్టి, దున్ని చూపిస్తే పట్టా. ఎవరికి ఇస్తారు? ఇరవై ఒక్కేళ్లు నిండినవాళ్లకు, లేదా కుటుంబ యజమానికి. పెళ్లికాని ఆడపిల్ల దరఖాస్తు పెట్టుకోవచ్చు. వితంతువు పెట్టుకోవచ్చు. భర్త ఉన్న ఆడమనిషి పెట్టుకోకూడదు, ఎందుకంటే యజమాని భర్త. అంటే కరోలీన్ పెళ్లి చేసుకోకుండా టీచరుగానే ఉండిపోయి ఉంటే, ఈ చట్టం వచ్చేనాటికి ఇరవై రెండేళ్ల ఆవిడకు హక్కు ఉండేది, పెళ్లయింది కాబట్టి పోయింది. పెళ్లితో భూమి పోవడం మనకూ తెలుసు, కాకపోతే మనకు పుట్టింటి భూమి పోతుంది.

ఈ చట్టం కింద చివరికి పంచింది దాదాపు 27 కోట్ల ఎకరాలు. అమెరికా నేలలో పదో వంతు. ఖాళీ నేల కాదు అది, ఎవరో ఒకరి దగ్గర తీసుకున్నదే. దీన్ని దాటేసి పోకూడదు, ఎందుకంటే ఇంగల్స్ కుటుంబం చేసిన మొదటి పెద్ద ప్రయాణం సరిగ్గా అలాంటి నేల మీదికే.

1869లో గుడ్డ కప్పిన బండిలో, ఇద్దరు చిన్నపిల్లలతో, కాన్సస్ రాష్ట్రం దక్షిణపు కొసకు వెళ్లారు. ఇండిపెండెన్స్ అనే ఊరికి పదమూడు మైళ్ల దూరంలో ఇల్లు కట్టుకున్నారు. అది ఓసేజ్ తెగవాళ్ల భూమి. సర్వే కాలేదు, అమ్మకానికి పెట్టలేదు, బయటివాళ్లకు అక్కడ ఉండే హక్కే లేదు. వీళ్లు ఒక్కరే కాదు, వేలమంది అలాగే దిగిపోయారు, ప్రభుత్వం ఎలాగూ ఓసేజ్‌లను పంపించేస్తుందని ధీమా. అదే జరిగింది, 1870లో వాళ్లు ఇప్పటి ఓక్లహోమా వైపు వెళ్లిపోవడానికి ఒప్పుకోవాల్సి వచ్చింది. మన ఏజెన్సీలో గిరిజనుల భూమి బయటివాళ్లకు పోకూడదని 1/70 చట్టం వచ్చింది సరిగ్గా వందేళ్ల తర్వాత, 1970లో. అది ఎంతవరకు అమలవుతోందో ఇక్కడ చర్చ పెడితే రాత్రి అవుతుంది, వదిలేద్దాం.

కరోలీన్‌కు ఆదివాసులంటే భయం, ఏవగింపు కూడా. కూతురి రాతల్లో అది దాచలేదు. ఇంట్లోకి వచ్చి తిండి అడిగితే వణికిపోతూ వండి పెట్టింది. వాళ్ల నేల మీద ఇల్లు కట్టుకున్నది తామేనన్న ఆలోచన ఆవిడకు వచ్చినట్టు ఎక్కడా కనపడదు. నాకు ఆవిడంటే గౌరవం ఉంది, ఈ ఒక్కచోట మాత్రం ఆవిడ తరఫున మాట్లాడలేను.

కాన్సస్‌లోనే ఇంటిల్లిపాదికీ చలిజ్వరం పట్టుకుంది. మలేరియా. ఒకరికి నీళ్లు ఇచ్చేందుకు ఇంకొకరు లేచే ఓపిక లేదు. పక్కనే ఉండే జార్జ్ టాన్ అనే నల్లజాతి వైద్యుడు మందిచ్చి కాపాడాడు. పుచ్చకాయలు తింటే ఆ జ్వరం వస్తుందని అప్పట్లో అక్కడివాళ్ల నమ్మకం. దోమ సంగతి బయటపడటానికి ఇంకా పాతికేళ్లు పైగా పట్టింది, అది బయటపెట్టింది మన సికింద్రాబాద్‌లో, రోనాల్డ్ రాస్, 1897 ఆగస్టులో.

1870 ఆగస్టులో క్యారీ పుట్టింది. 1871లో వెనక్కి, విస్కాన్సిన్‌కే వెళ్లిపోయారు. ఎందుకు? అక్కడి పొలం కొన్నవాడు బాకీ కట్టలేక భూమి తిరిగి ఇచ్చేశాడు. అంటే కాన్సస్‌లో ఇల్లు కట్టి, బావి తవ్వి, నేల దున్ని, జ్వరాలు పడి, అన్నీ వదిలేసి ఉత్త చేతులతో. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, ఇంకా నాలుగైదు సార్లు వస్తుంది.

1874లో మళ్లీ కదిలారు. మిన్నెసోటాలో వాల్‌నట్ గ్రోవ్ అనే ఊరి దగ్గర, వాగు ఒడ్డున. మొదటి ఇల్లు ఇల్లు కూడా కాదు, గట్టును తొలిచి చేసిన గది. పైన కొమ్మలు పరిచి, గడ్డితో సహా కోసిన మట్టి పెళ్లలు కప్పారు. కప్పు మీద గడ్డి మొలుస్తుంది, కింద పొయ్యి వెలుగుతుంది. గోధుమ వేశారు. బాగా వచ్చేట్టుంది అనుకుని, ఆ పంట మీద భరోసాతో అప్పు చేసి కలపతో మంచి ఇల్లు కట్టుకున్నారు. మన దగ్గర పత్తి చేను చూసి కూతురి పెళ్లి ముహూర్తం పెట్టుకుంటాం చూడండి, అలా.

మిడతలు వచ్చాయి.

రాకీ పర్వతాల మిడత అంటారు. 1873 నుంచి 1877 దాకా మిన్నెసోటాను పీల్చేశాయి. 1875లో నెబ్రాస్కాలో ఆల్బర్ట్ చైల్డ్ అనే వైద్యుడు ఒక దండు తన ఊరి మీదుగా పోతుంటే ఎంతసేపు పట్టిందో చూసి, టెలిగ్రాఫ్‌లో చుట్టుపక్కల ఊళ్లను అడిగి లెక్క కట్టాడు: 110 మైళ్ల వెడల్పు, 1,800 మైళ్ల పొడవు. అంటే దాదాపు ఐదు లక్షల చదరపు కిలోమీటర్లు. ఆంధ్ర, తెలంగాణ రెండూ కలిపితే రెండు లక్షల డెబ్బై అయిదు వేలు, దానికి రెట్టింపు దగ్గర అన్నమాట. పైరు తిన్నాయి, చెట్ల బెరడు తిన్నాయి, ఆరేసిన బట్టలు తిన్నాయి, చెమట ఉప్పు అంటిన పారల పిడులు కొరికాయి. తిన్నాక గుడ్లు పెట్టాయి. అసలు దెబ్బ అది. ఈ ఏడు పోతే పోయింది, వచ్చే ఏడు చూద్దాం అనుకోడానికి లేదు, వచ్చే ఏడు పంట కూడా ఆ మట్టిలోనే పోయింది. ఇంకో వింత చెబుతాను, ఆ జాతి మిడత ఇప్పుడు భూమ్మీద ఎక్కడా లేదు. ప్రాణంతో చివరిసారి పట్టుకున్నది 1902లో. అవి గుడ్లు పెట్టే నదీలోయలను రైతులే దున్నేయడం వల్ల అంతరించాయని ఎక్కువమంది శాస్త్రవేత్తలు అంటారు.

చార్లెస్ కోత కూలికి తూర్పు వైపు, మిడతలు రాని ఊళ్లకు నడిచి వెళ్లాడు. ఇలా వెళ్లినవాళ్లు ఆ జిల్లాల్లో ఎందరో. ఇప్పుడు మీరు ఊహించుకోండి, పొలంలో గుడ్లు, ఇంట్లో ముగ్గురు పిల్లలు, పశువులు, అప్పులవాళ్లు, మొగుడి ఉత్తరం ఎప్పుడొస్తుందో తెలియదు. ఆ నెలల్లో ఆ పొలాన్ని నడిపింది ఎవరు? కాగితం మీద చార్లెస్. పాలమూరు వలసల గురించి తెలిసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

1875 శరదృతువులో ప్రభుత్వం సాయం ఇచ్చింది. ఊరికే కాదు, తన దగ్గర ఏమీ లేదని ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. చార్లెస్ పెట్టాడు, రెండు సగం పీపాల పిండి తెచ్చుకున్నాడు, విలువ ఐదు డాలర్ల పాతిక సెంట్లు. ఈ పిండి సంగతి కూతురు నవలల్లో లేదు. ఎవరి సాయం లేకుండా సొంత రెక్కల మీద బతికిన కుటుంబం అన్న బొమ్మకు అది సరిపడదు మరి. ఆ మరుసటి ఏడు గవర్నరుగా వచ్చిన పిల్స్‌బరీకి, పిండి మిల్లుల పిల్స్‌బరీ కుటుంబమే, సాయం ఎక్కువ చేస్తే రైతులు సోమరులవుతారని బెంగ. 1877 ఏప్రిల్ 26ను మిడతల బెడద పోవాలని ప్రార్థన చేసే రోజుగా ప్రకటించాడు. అవే ఏళ్లలో రాయలసీమలో ధాత కరువు. అక్కడా తెల్లదొరలు ఇదే మాట అన్నారు, గంజి ఎక్కువ పోస్తే పని మానేస్తారని. అక్కడ చచ్చిపోయినవాళ్లు లక్షల్లో, కాబట్టి రెండూ ఒకటే అనడంలేదు. మాట మాత్రం ఒకటే.

1875 నవంబరు 1న కొడుకు పుట్టాడు, ఫ్రెడ్డీ అని పిలుచుకున్నారు. మరుసటి ఏడు పొలం అమ్మేసి తూర్పుకు తిరిగి వెళుతూ దారిలో పీటర్, ఎలైజాల ఇంట్లో ఆగారు. 1876 ఆగస్టు 27న తొమ్మిది నెలల బిడ్డ అక్కడే పోయాడు. కరోలీన్‌కు మళ్లీ మగపిల్లాడు పుట్టలేదు. దీన్ని కూడా కూతురు నవలల్లో రాయలేదు.

అక్కణ్నుంచి అయోవా రాష్ట్రంలో బర్ ఓక్ అనే ఊరు. అక్కడ వ్యవసాయమే లేదు, హోటల్లో పని. వంట, గదులు, గిన్నెలు, కరోలీన్ అన్నీ చేసింది, అదీ మళ్లీ కడుపుతో. 1877 మే నెలలో గ్రేస్ పుట్టింది. ఆ ఊళ్లో ఒక డాక్టరు భార్య వచ్చి, నా పిల్లలు పెద్దవాళ్లయిపోయారు, మీ లారాను నాకు ఇచ్చేయండి, పెంచుకుంటాను అంది. కరోలీన్ నవ్వుతూ, దాన్ని వదిలి మేం ఉండలేమండీ అని పంపేసింది. పేదవాళ్ల పిల్లల్ని అడగడానికి ఉన్నవాళ్లకు ఎంత తేలికో చూడండి, ఏదో కోడిపెట్టను అడిగినట్టు. అద్దె బాకీ తీర్చే దారి లేక ఆ ఊరి నుంచి ఒక రాత్రివేళ బండి కట్టుకుని వెళ్లిపోయారు. మళ్లీ వాల్‌నట్ గ్రోవ్‌కే.

1879లో పెద్దపిల్ల మేరీకి జబ్బు చేసింది. పద్నాలుగేళ్లు. తీవ్రమైన జ్వరం, తలపోటు, తర్వాత చూపు పోయింది. నవలల్లో స్కార్లెట్ ఫీవర్ అని ఉంది కానీ, 2013లో డాక్టర్లు పాత ఉత్తరాలు, పత్రికలు చూసి, మెదడుకు వచ్చిన వైరస్ వాపు అయ్యుంటుందని తేల్చారు. ఆ ఏడు చార్లెస్‌కు రైల్వేలో జీతం ఉన్న ఉద్యోగం దొరికింది, ఇంకా పడమటికి, డకోటాలో. ఇంకో మాట కూడా చెప్పాలి. చార్లెస్‌కు అక్కడ కూడా ఆగాలని లేదు, ఒరెగాన్ దాకా పోదామన్నాడు. కరోలీన్ కాదంది. పిల్లలు బడికి పోవాలి, ఇక కదిలేది లేదు. ఆ కుటుంబంలో ఆవిడ నెగ్గించుకున్న మాట ఇదొక్కటే కనపడుతుంది నాకు, కానీ గట్టిది.

1880లో డి స్మెట్ అనే కొత్త ఊరి పక్కన చార్లెస్ పేరున భూమికి దరఖాస్తు. అప్పట్లో జనం వేళాకోళంగా అనుకునేవాళ్లట, ప్రభుత్వం 160 ఎకరాలు పందెం కాస్తుంది, మనం 18 డాలర్లు కాస్తాం, ఐదేళ్లు ఆకలితో చావకుండా ఉంటే మనం గెలిచినట్టు అని. ఆ వసంతంలో భూమి కోసం జనం గుంపులుగా దిగుతుంటే, ఊళ్లో ఇంకా హోటలు లేదు, వీళ్లున్న ఇల్లే హోటలైంది. కరోలీన్, పదమూడేళ్ల లారా పొద్దుటి నుంచి అర్ధరాత్రి దాకా డబ్బు పుచ్చుకుని వండి పెట్టారు. నేల మీద వరసగా పడుకునేవాళ్లు మగాళ్లు. చార్లెస్ దుకాణం కట్టడం, వడ్రంగం, ఇవన్నీ పంట కాదు, గమనించండి.

ఇక ఆ చలికాలం. 1880 అక్టోబరు మధ్యలోనే మొదటి మంచు తుఫాను. అక్టోబరులో! బంగాళాదుంపలు ఇంకా తవ్వుకునే కాలం. జనవరికల్లా రైళ్లు ఆగిపోయాయి, పట్టాల మీద మంచు కొండల్లా పేరుకుంటే తవ్వేకొద్దీ మళ్లీ కప్పేసేది. మళ్లీ రైలు వచ్చింది మే నెలలో. ఊరికి బొగ్గు లేదు, కిరోసిన్ లేదు, పిండి లేదు. ఆ మైదానంలో చెట్టు కూడా ఉండదు కొట్టుకోడానికి. ఎండుగడ్డిని మెలిపెట్టి, తాడులా పేని, ముడివేసి పొయ్యిలో పెట్టేవాళ్లు. గడ్డి నిమిషాల్లో కాలిపోతుంది, కాబట్టి ఒకరు పేనుతూనే ఉండాలి. విత్తనానికి దాచిన గోధుమలు తెచ్చి కాఫీ గింజల మిల్లులో, చేత్తో తిప్పే చిన్నది ఉంటుంది చూడండి, అందులో పోసి తిప్పి, ఆ మొరం పిండితో రొట్టె. పొద్దస్తమానం ఎవరో ఒకరు ఆ పిడి తిప్పుతూనే ఉన్నారు. చూపు లేని మేరీ కూడా.

నవలలో ఆ ఇంట్లో వాళ్లు ఆరుగురే. నిజానికి ఇంకో జంట కూడా ఉన్నారు, జార్జ్ మాస్టర్స్, భార్య మ్యాగీ. మ్యాగీకి ఆ ఇంట్లోనే కాన్పు అయింది. లారా నవలల కంటే ముందు రాసుకున్న స్వీయకథలో ఉంది ఇది: ఆ జార్జ్ పనికి రాడు, పొయ్యికి దగ్గరగా కూర్చుంటాడు, బల్ల దగ్గర అందరికంటే ముందు తన పళ్లెం నింపుకుంటాడు. అంటే ఆ మంచులో కరోలీన్ సర్దింది తన ఆరుగురికే కాదు, బాలింతకూ, పసిబిడ్డకూ, ఒక సోమరికీ కూడా. లారా అరవై ఏళ్లు దాటాక కూడా వాడిమీద కోపం పోయినట్టు లేదు. (నవ్వులు) కరోలీన్ మాత్రం వాళ్లను వెళ్లగొట్టలేదు. ఎక్కడికి పోతారు మరి, బయట సున్నాకు ఎంతో కింద చలి.

మేరీ చదువు గురించి చెప్పి ముందుకు పోతాను. 1881లో మేరీని అయోవాలో వింటన్ అనే ఊళ్లోని అంధుల కాలేజీలో చేర్చారు. ఫీజు డకోటా ప్రభుత్వం కట్టింది, బట్టలూ, ప్రయాణమూ ఇంటివాళ్లవి. ఆ ఖర్చుకోసం లారా చొక్కాలు కుట్టింది, పదహారేళ్లు నిండకముందే టీచరుగా వెళ్లింది. మేరీ 1889లో చదువు పూర్తి చేసింది. మళ్లీ చూడండి, పంట డబ్బు కాదు.

ఐదేళ్ల గడువు దాటి 1886లో చార్లెస్ సాక్షులతో వెళ్లి పట్టా ఖాయం చేసుకున్నాడు. పందెం గెలిచారన్నమాట! గెలిచిన మరుసటి ఏడే, 1887లో, ఊళ్లో ఇల్లు కట్టుకుని అక్కడికి వెళ్లిపోయారు. 1892లో పొలం అమ్మేశారు. వానలు తప్పే నేల, వడగళ్లు, మొక్కజొన్న మీద పడే నల్ల పిట్టల గుంపులు. చార్లెస్ వడ్రంగం చేశాడు, ఊళ్లో చిన్నాచితకా పదవులు చేశాడు. 1902లో పోయాడు. ఆ తర్వాత ఇరవై రెండేళ్లు ఆ ఇంట్లో కరోలీన్, మేరీ. గదులు అద్దెకిచ్చారు. మేరీ గుర్రాలకు ఈగలు వాలకుండా వేసే వలలు అల్లి అమ్మేది. కరోలీన్ 1924 ఏప్రిల్ 20న, ఎనభై నాలుగేళ్ల వయసులో పోయింది. కూతురి మొదటి నవల 1932లో వచ్చింది. ఆవిడ చూడలేదు.

ఇక మీరు అడగండి.

(ప్రశ్న: మేడమ్, మా అత్తగారివాళ్లు గోదావరి జిల్లా నుంచి సింధనూరు దగ్గర క్యాంపుకి వెళ్లారు. అది కూడా ఇలాంటిదేనా?)

మంచి మాట అడిగావమ్మా. తెలియనివాళ్ల కోసం చెబుతాను, తుంగభద్ర డ్యామ్ 1953లో పూర్తయింది, కాలువలు పారాయి. రాయచూరు, కొప్పళ, బళ్లారి జిల్లాల్లో నల్లరేగడి చవగ్గా దొరుకుతుందని కోస్తా రైతులు ఇక్కడ ఉన్న ఎకరం అరెకరం అమ్ముకుని అక్కడ కొన్నారు. తుమ్మలు కొట్టి, గుడారాలు వేసుకుని మొదలుపెట్టారు కాబట్టి ఇప్పటికీ ఆ ఊళ్లను క్యాంపులే అంటారు. తేడా ఏమిటంటే అక్కడ కాలువ నీళ్లున్నాయి, వరి పండింది, మీవాళ్లు నిలబడ్డారు. డకోటాలో ఆకాశమే కాలువ. పాస్‌బుక్ ఎవరి పేరున ఉంది మరి మీ అత్తగారింట్లో? (నవ్వులు) అదీ. రైతుబంధు పట్టాదారుకే పడ్డట్టు.

మీ అత్తగారు ఉన్నారా? ఉన్నారు. అయితే ఫోన్లో రికార్డింగ్ నొక్కి పక్కన కూర్చో. లారా అమ్మను అడగలేదు. అమ్మ పోయాక, 1925లో, పెద్దమ్మ మార్తాకు ఉత్తరం రాసింది, మా అమ్మ చిన్నప్పటి సంగతులూ, మీ కాలపు వంటలూ రాసి పంపు, చెయ్యి నొప్పి పుడితే చెప్తుంటే రాసుకునే మనిషికి డబ్బు నేనిస్తాను అని. పెద్దమ్మ రాసింది, కరోలీన్ చిన్నతనం గురించి మనకు తెలిసినదాంట్లో చాలా భాగం ఆ ఉత్తరాల్లోదే.

(ప్రశ్న: ఆ కూతుళ్లు ఎవరైనా వ్యవసాయంలో ఉన్నారా?)

లారా ఉంది. ఆవిడా భర్తా డకోటాలో పంటలు పోయి, ఇల్లు కాలి, 1894లో మిస్సౌరీకి వెళ్లి మ్యాన్స్‌ఫీల్డ్ దగ్గర కొండ నేల కొన్నారు. అది నిలబడింది. లారాకు మొదట పేరు వచ్చింది రచయితగా కాదు, కోళ్ల పెంపకంలో. చలికాలంలో కూడా గుడ్లు పెట్టించేది, దాని గురించి ఉపన్యాసం రాసి పంపితే చూసి 1911లో రైతు పత్రికవాళ్లు రాయమన్నారు. ఇంకొకటి, మా శాఖవాళ్లకు నచ్చే సంగతి: 1917 తర్వాత దాదాపు పదేళ్లు అక్కడి రైతు రుణ సంఘానికి కార్యదర్శి, కోశాధికారి ఆవిడే. రైతుల ఇళ్లకు కాగితాలు పట్టుకుని తిరిగి, దాదాపు పది లక్షల డాలర్ల ప్రభుత్వ అప్పు తక్కువ వడ్డీకి ఇప్పించింది.

ఇంకెవరైనా ఉన్నారా? లేకపోతే ఆపేస్తాను, చీకటి పడితే మీకు బస్సులు ఉండవు.